పది మీటర్లు ఎక్కని నీళ్లు

"అమా, దిగిపోతున్నాయి మా! నీళ్లు దిగిపోతానే ఉన్నాయి!"

స్కూలు మిద్దె మీది నుంచి మా పాప అరిచిన అరుపు గ్రౌండంతా వినపడింది. కింద బకెట్ పక్కన నిలబడ్డ నాకు గుండె జారినంత పనైంది. చుట్టూ పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు. మార్కులు వేయడానికి బయటి నుంచి వచ్చిన సారొకాయన అట్ట మీద కాగితం పెట్టుకుని, పెన్ను ఎత్తిపట్టి పైకి చూస్తున్నాడు.

2025 ఫిబ్రవరి 28, సైన్సు దినం. 1928లో సి.వి. రామన్ తన ఫలితాన్ని కనుగొన్న రోజని 1987 నుంచి ఈ తేదీని పండగ చేసుకుంటున్నాం కదా! కర్నూల్లో మా పాప చదివే స్కూల్లో ఆ రోజు ఎగ్జిబిషన్ పెట్టారు. ఎగ్జిబిషనంటే మీకు తెలియనిదేముంది... వంటసోడాలో వెనిగరు పోస్తే పొంగే అగ్నిపర్వతం ఒకటి, థర్మోకోల్ సౌరకుటుంబం ఒకటి, సెలైన్ పైపులతో బిందుసేద్యం ఒకటి. ముప్పాతిక భాగం అమ్మానాన్నల చేతిపనే. తొమ్మిదో తరగతి చదివే మా పాప మాత్రం "అందరూ అగ్నిపర్వతమే చేస్తారు మా. నేను గాలి బరువు చూపిస్తా" అని పట్టుబట్టింది.

ప్రయోగం చెప్పడానికి సులువే. పొడుగాటి పైపు నిండా నీళ్లు నింపి, ఒక కొన గట్టిగా బిగించి, రెండో కొన బకెట్ నీళ్లలో ముంచి ఉంచాలి. బిగించిన కొనకు తాడు కట్టి పైకి లాగుతూ పోవాలి. కొంత ఎత్తు దాకా పైపు నిండుగానే ఉంటుంది. ఎందుకంటే బకెట్లోని నీళ్లను గాలి అదుముతూ ఉంటుంది, ఆ అదుముడే పైపులోని నీళ్లను పైకి నిలబెడుతుంది. కానీ గాలి బలానికీ ఒక హద్దుంది. పది మీటర్ల ముప్పై సెంటీమీటర్లు దాటితే ఇక నిలబెట్టలేదు. పైన ఖాళీ ఏర్పడి నీళ్లు అక్కడే ఆగిపోతాయి. పాదరసమైతే 76 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువు కాబట్టి, నీళ్లకు అన్ని రెట్ల ఎత్తు. మా పాప చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "10.3 మీటర్లు" అని అరచేయంత అక్షరాలు రాసి, చుట్టూ పూలు కూడా వేసింది.

పైపు కోసం పడ్డ పాట్లు చెబితే అదో కథ. మేస్త్రీలు మట్టం చూసుకునే పల్చటి పైపు తెచ్చి మా అపార్టుమెంటు మీది నుంచి వేలాడదీస్తే, పైభాగం ఖాళీ చేసిన పాలపాకెట్టులా చప్పిడై అతుక్కుపోయింది. లోపలేమీ లేకపోతే బయటి గాలి ఊరుకుంటుందా, నొక్కేసింది. అప్పుడు లోపల దారం అల్లిక ఉండే గట్టి పైపు పన్నెండు మీటర్లు కొన్నాం. "ఈ డబ్బుతో రెండు అగ్నిపర్వతాలు కొనచ్చు" అన్నారు మా ఆయన. చివరి కొనకు రబ్బరు బిరడా పెట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మా అవ్వ కపిలతాడు బిగించినట్టు బిగించాను. పాప, ఇద్దరు స్నేహితురాళ్లు, వాళ్లకు కాపలాగా ఒక టీచరమ్మ మిద్దె మీద, నేను కింద.

మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండ మంట పెట్టినట్టుంది. పైపు నిటారుగా లేచింది. టేపు చూసి పాప చెప్పిన మొదటి అంకె 9 మీటర్ల 10. అందరూ చార్టు వైపు చూశారు. రెండు నిమిషాలకు 9 మీటర్లు. ఇంకాసేపటికి 8 మీటర్ల 90. పైపులో సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి.

"పది పాయింట్ మూడు రావాలి కదమ్మా. ఎక్కడో గాలి పోతోంది. ప్రయోగం ఫెయిలైనట్టే" అన్నాడు సారు. కోపంగా ఏం కాదు, జాలిగానే అన్నాడు. ఇంకో పది బల్లలు చూడాలి ఆయన.

ఇక్కడ నేను చేసిన పని చెప్పక తప్పదు. ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను. ఆయన మిగతా బల్లలన్నీ చూసి మళ్లీ ఇటు వచ్చేలోగా గబగబా మిద్దె ఎక్కి, పాప చెవిలో "పైపు కొస కింది వాళ్లకు కనపడదు గదా. ఇంకోసారి లాగి, పది పాయింట్ మూడు వచ్చిందని చెప్పేయ్" అన్నాను.

పాప నావైపు చూసింది. ఏడుపు ఆగిపోయింది. "రాలేదు గదా మా!" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆ చూపు ముందు నేను తల తిప్పేసుకున్నాను.

ప్రైజు అగ్నిపర్వతానికి వచ్చింది.

ఆ రాత్రి పాప అన్నం తినలేదు. నాకూ ముద్ద దిగలేదు. దాని బాధ వేరు, నాది వేరు. ఆ మాట నా నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని ఆలోచిస్తే, అదేమీ అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఇరవై ఏళ్ల నాటి అలవాటు.

2004లో కడపలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిజిక్సు ప్రాక్టికల్స్‌లో క్విల్ ట్యూబు అని ఒక ప్రయోగం ఉండేది. మీలో సైన్సు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సన్నటి గాజు గొట్టం, ఒకవైపు మూసి ఉంటుంది. మధ్యలో పాదరసపు పోగు, దాని వెనక కొంచెం గాలి చిక్కుకుని ఉంటుంది. గొట్టం నోరు పైకి పెడితే పాదరసం బరువుకు గాలి కుదించుకుపోతుంది. నోరు కిందికి పెడితే సాగుతుంది. ఆ రెండు పొడవులూ కొలిచి లెక్క కడితే, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఎంతో తేలుతుంది. ఎంత చక్కటి ప్రయోగమో! ఇప్పుడు పాదరసం పిల్లల చేతికి ఇవ్వకూడదంటున్నారు, మంచిదే. మేమైతే కిందపడ్డ పాదరసపు గుండ్లను కాగితంతో తోసి ఆడుకునేవాళ్లం.

నా లెక్కలు ఇప్పటికీ గుర్తే. పాదరసం పోగు పదిహేను సెంటీమీటర్లు. నోరు పైకి పెడితే గాలి పొడవు 20, కిందికి పెడితే 30 మీద ఒక పిసరు. కడితే 74.7 వచ్చింది. మళ్లీ చేశాను, 74.6. మూడోసారి 74.8. పక్క బెంచీ అమ్మాయిలందరి పుస్తకాల్లోనూ 76.0, లేదంటే 75.9. వాళ్లు మొదట జవాబు వేసుకుని, దాన్నుంచి వెనక్కి కొలతలు కడుతున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. మాకు చెప్పే సారు నా పుస్తకం చూసి, "అమ్మాయ్, నీకు చెయ్యి కుదరట్లేదు. సరిచేసుకుని రా" అని సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. రెండుసార్లు పంపారు. మూడోసారి బ్లేడుతో గీకి 76.0 వేశాను. ఎర్రసిరాతో టిక్కు పడింది, 'గుడ్' అని కూడా రాశారు.

దాంతో నష్టమేముంది అంటారేమో. మార్కులకైతే ఏమీ లేదు. కానీ నాకు చెయ్యి కుదరదన్న మాట నాలో ఉండిపోయింది. బి.ఎస్సీ.లో చేరదామనుకున్నదాన్ని, ఫిజిక్సుకు దండం పెట్టి బి.ఏ.లో చేరిపోయాను. తర్వాత కథలు రాశాను, పత్రికల్లో వచ్చాయి, నలుగురూ మెచ్చుకున్నారు. నా మొట్టమొదటి కల్పన మాత్రం ఆ ఫిజిక్సు రికార్డులోనే ఉంది.

ఇదంతా ఆ రాత్రి పాపకు చెప్పేశాను. చీకట్లో చెబితే కొంచెం సులువు. అది చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. "మూడుసార్లూ డెబ్భై నాలుగు పైనే వచ్చిందా మా? మరి చెయ్యి కుదరకపోతే ఒక్కోసారి ఒక్కోరకంగా రావాల గదా" అంది.

ఇరవై ఏళ్లలో నాకు ఒక్కసారీ తట్టని ప్రశ్న!

మర్నాడు సాయంత్రం మా వీధిలో ఉండే ఒక రిటైరైన ఫిజిక్సు లెక్చరరు గారింటికి పైపుతో సహా వెళ్లాం. ఆయన పైపు చూడలేదు. ముందు పాపను అడిగారు: "తల్లీ, కె.సి. కెనాలు నీళ్లు కర్నూలు నుంచి కడపకు పోతాయి. కడప నుంచి కర్నూలుకు ఎందుకు రావు?"

"కర్నూలు ఎత్తులో ఉంది కాబట్టి" అంది పాప.

"మరి మీ చార్టులో ఉన్న పది పాయింట్ మూడు ఏ ఊరిది?"

పాప నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. ఆ అంకె సముద్రం ఒడ్డుది! మచిలీపట్నానిదో, మద్రాసుదో. 1860ల్లో సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కాలువ తవ్వినవాళ్లు మన నేల వాలును నమ్ముకునే నీళ్లను మూడువందల కిలోమీటర్లు నడిపించారు. కర్నూలు సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల పైన ఉంది, కడప 140 మీటర్ల దరిదాపుల్లో ఉంది. రైలు స్టేషన్లలో పసుపు బోర్డు అడుగున ఊరి ఎత్తు రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? ఇన్నేళ్లు ఆ బోర్డు కింద నిలబడి పల్లీలు తిన్నానేగానీ, ఆ అంకె నా రికార్డుకు సంబంధించిందని అనుకోలేదు. పైకి పోయేకొద్దీ మన నెత్తి మీద గాలి తగ్గుతుంది. సుమారు పదకొండు మీటర్లు ఎక్కితే పాదరసం ఒక మిల్లీమీటరు దిగుతుంది. ఆ లెక్కన కర్నూల్లో 76 రానే రాదు, 73.5 దగ్గర ఉంటుంది. కడపలో 74.7!

నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. లోపలి నుంచి ఆ ఇంటమ్మగారు తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

ఆయన ఇంకో సంగతి చెప్పారు. ఇటలీలో టారిచెల్లి 1644లో పాదరసం గొట్టం గురించి రాశాక, ఫ్రాన్సులో పాస్కల్ అనే ఆయనకు కొండ ఎక్కితే పాదరసం తగ్గాలి కదా అనిపించిందట. తాను పారిస్‌లో ఉండి, కొండ దగ్గర కాపురముండే అక్క మొగుడికి ఉత్తరం రాశాడు. ఆ బావగారు 1648 సెప్టెంబరు 19న గొట్టాలు మోయించుకుని పుయ్ ద డోమ్ కొండెక్కాడు. కింద మఠం తోటలో ఇంకో గొట్టం పెట్టి, దాన్ని రోజంతా చూస్తూ కూర్చోవడానికి ఒక సన్యాసిని కాపలా పెట్టాడు. కొండ మీద పాదరసం మూడంగుళాలకు పైగా తగ్గింది. కింద తోటలోది కదల్లేదు. నాకైతే ఆ పొద్దంతా గొట్టం ముందు కూర్చున్న సన్యాసి మీదే మనసు పోయింది. ఏమీ జరగలేదు అని చెప్పడం కూడా ఒక పనే మరి.

"ఎత్తు సంగతి తీసేస్తే సుమారు పది మీటర్లు రావాలి. మీకు తొమ్మిదే వచ్చింది. మిగతా మీటరు ఎక్కడికి పోయింది? నీళ్లు ఎక్కడివి?" అడిగారాయన.

"మిద్దె మీది ట్యాంకువి సార్. వేడిగా ఉన్నాయి" అంది పాప.

"అదీ సంగతి!" అని ఆయన నావైపు తిరిగారు. "ఇది మీకే బాగా తెలుసమ్మా. పొయ్యి మీద నీళ్లు పెడితే, కాగకముందే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి చూడండి. అవేంటి?"

రోజూ చూసేదే. మరగడం మొదలైందనుకునేదాన్ని. కాదట. నీళ్లలో కరిగి ఉన్న గాలి అది, వేడికి బయటికి వస్తుంది. పైపు పైభాగంలో ఒత్తిడి లేకపోతే వేడి అక్కర్లేకుండానే బయటికొస్తుంది. వచ్చిన గాలి పైన చేరి నీళ్లను కిందికి తోస్తుంది. పాప చూసిన బుడగలు అవే. బిరడా కారలేదు, నా కట్టు గట్టిదే! ఇంకొకటి, నీళ్లు చల్లగా ఉన్నా కొంత ఆవిరి పుడుతూనే ఉంటుంది. ఆ ఖాళీలో ఆవిరి నిండుతుంది, అదీ కిందికి తోస్తుంది. నీళ్లు 35 డిగ్రీల వేడిలో ఉంటే ఆ తోపుడు యాభై ఏడు సెంటీమీటర్లు. 25 డిగ్రీలైతే ముప్పై రెండు. పాదరసం మామూలు వేడిలో ఆవిరి కావడం ఎంతో తక్కువ కనుకనే దానితో ఈ గొడవ లేదు.

అంటే మధ్యాహ్నం పన్నెండున్నరకి ట్యాంకు నీళ్లతో చేయడమే మా పొరపాటు. చేయాల్సింది తెల్లవారుజామున, కాచి చల్లార్చిన నీళ్లతో. కాచి చల్లార్చడమంటే ఇక నా డిపార్టుమెంటే గదా!

ఆ శనివారం రాత్రి పెద్ద బోసిలో నీళ్లు బాగా మరగనిచ్చి, మూతపెట్టి, కదిలించకుండా వదిలేశాను. పోసేటప్పుడు పైనుంచి దభాలున పోయకూడదు, మళ్లీ గాలి కలుస్తుంది. పైపు లోపలి గోడ వెంబడి మెల్లగా జార్చాలి, పాలు పొంగు రాకుండా వంచినట్టు. తెల్లారి ఆరింటికి మా అపార్టుమెంటు మిద్దె మీద పాప, వాళ్ల నాన్న. కింద బకెట్ దగ్గర నేను, పాలబ్బాయి, వాచ్‌మన్ భార్య. ఆమె ఏం జరుగుతోందని అడిగితే "గాలి బరువు చూస్తాండాం" అన్నాను. "గాలికి బరువేందక్కా?" అని నవ్వి, పోకుండా అక్కడే నిలబడింది.

9 మీటర్ల 62 సెంటీమీటర్లు. పావుగంట చూశాం, ఒక్క సెంటీమీటరే దిగింది.

పాప నోటుబుక్కులో కట్టింది. పుస్తకంలో 10 మీటర్ల 33. మా ఊరి ఎత్తుకు 33 తీసేయ్. ఆవిరికి 32 తీసేయ్. 9 మీటర్ల 68 రావాలి. ఆరు సెంటీమీటర్లు లెక్కకు దొరకలేదు. మిగిలిన గాలి కావచ్చు, టేపు సాగి ఉండవచ్చు. మేం కాచింది సరిపోలేదేమో కూడా. పాప ఆ ఆరును అలాగే ఉంచి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. నా వేళ్లు బ్లేడు కోసం తడుముకోలేదని చెబితే అబద్ధం.

లెక్చరరు గారికి ఆ కాగితం చూపిస్తే ఆరు దగ్గరే వేలు పెట్టి సంతోషపడ్డారు. గాలిని ఎంత నొక్కితే అంత కుదించుకుపోతుందని చెప్పిన రాబర్ట్ బాయిల్ సంగతి చెప్పారు. ఆయనకూ మొదటి గాజు గొట్టం ప్రయోగం మధ్యలోనే పగిలిపోయిందట. 1662లో అచ్చేసిన తన పట్టికలో, వచ్చిన అంకె ఒక వరసలో, సూత్రం ప్రకారం రావలసిన అంకె పక్క వరసలో వేశాడు. చివరి వరసలో 116న్నర అంగుళాలు రావాలి, వచ్చింది 117న్నరకు పైగా. ఒక అంగుళం తేడా! దాచలేదు, గీకలేదు. ఆయన పేరుతో ఉన్న సూత్రాన్ని నిరూపించే ప్రయోగంలోనే కదా నేను బ్లేడు పట్టింది...

ఆ రాత్రి మా నాయనకు ఫోన్ చేశాను. ఆయనది కడప దగ్గర పల్లె. ఎనభైకి దగ్గరపడ్డా పొలం వదల్లేదు. "నాయనా, మన పాత బాయిలో మోటారు ఎంత లోతు నుంచి నీళ్లు లాగేది?" అన్నాను.

"ఇరవై ఐదు అడుగులు. అది దాటితే ఎంత పెద్ద మోటారైనా ఎత్తదు. ఎందుకు మా ఇప్పుడు?"

"ఎందుకెత్తదు?"

"ఎందుకో నాకేం ఎరుక? ఎత్తదంతే."

నా చిన్నతనమంతా ఆ ఇరవై ఐదు అడుగుల చుట్టూనే నడిచింది. అంతకుముందు కపిల ఉన్నప్పుడు ఎద్దులు ఎంత లోతు నుంచైనా తోలుబానతో నీళ్లు లాగేవి. మోటారు వచ్చాక ఏటేటా నీళ్లు కిందికి పోతుంటే, మోటారునే బాయిలోకి దించేవాళ్లు. గోడకు రాతి దూలాలు దిగ్గొట్టి, వాటి మీద కూర్చోబెట్టేవాళ్లు. మరుసటి ఏడు ఇంకా కిందికి. అర్ధరాత్రి వాన పడి బాయిలోకి నీళ్లు వస్తే మోటారు మునిగిపోతుందని మా నాయన, చిన్నాయన గొలుసులేసి పైకి లాగేవాళ్లు. మా అమ్మ గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడేది. వాన వచ్చిందని సంతోషపడాలో మోటారు పోతుందని ఏడవాలో తెలియని రాత్రులవి.

ఇప్పుడు తెలిసింది ఎందుకెత్తదో. మోటారు నీళ్లను లాగదు. పైపులో గాలి తీసేస్తుంది, అంతే. నీళ్లను పైకి తోసేది బాయి మీది గాలి. దాని సత్తువ పది మీటర్లు, అంటే ముప్పై మూడు అడుగులు. పైపు రాపిడికీ ఆవిరికీ కొంత పోగా రైతుకు మిగిలేది ఇరవై ఐదు. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో కూడా ఇదే రాశాడు. పంపు పద్దెనిమిది మూరలకు మించి నీళ్లు ఎత్తదని ఒక పనివాడు ఆయనకు చెప్పాడట. ఆ పనివాడిదీ మా నాయనదీ ఒకే చదువు. తర్వాత వచ్చిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు నీళ్లలోనే కూర్చుని కింది నుంచి పైకి తోస్తాయి కాబట్టి వాటికి ఈ హద్దు లేదు. హద్దు పోయాక మా సీమలో బోర్లు ఎన్ని వందల అడుగులకు దిగాయో, మా పాత బాయి ఎప్పుడు ఎండిందో వేరే చెప్పక్కర్లేదు. అది ఇంకో వారం రాసుకోవాల్సిన దుఃఖం.

మార్చి 30న ఉగాదికి ఊరికి బయల్దేరాం. కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడి కొలిచే పరికరం ఉంటుంది, మా ఆయన ఫోనులో ఉందని ఆ వారమే తెలిసింది. కర్నూల్లో కారెక్కేటప్పుడు 979 మిల్లీబార్లు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు, పాణ్యం ముందరి ఘాటు దాటేటప్పుడు అంకె ఇంకా తగ్గింది. అక్కడి నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు... ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చింది. పాప ప్రతి ఊరికీ రాసుకుంది. కడపలో 994. పాదరసంలోకి మారిస్తే కర్నూలు 73.4, కడప 74.6. రోజును బట్టి, వేళను బట్టి కాస్త మారుతుందట. మన వైపు పొద్దున పదింటికి ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుందట. అయినా 76 మాత్రం దరిదాపుల్లోకి రాలేదు.

భక్ష్యాలు తిని, అందరూ కునుకు తీసే వేళకు అటక ఎక్కాను. ఇనుప ట్రంకులో నా ఇంటర్ పుస్తకాలు, పెళ్లి కార్డులు, మా అమ్మ దాచిన నా మొదటి కథ పడిన పత్రిక ఉన్నాయి. అన్నిటికీ అడుగున రికార్డు. గీకినచోట కాగితం పల్చబడి, వెలుతురుకు పట్టి చూస్తే కింద ఏడు, నాలుగు, చుక్క, ఏడు... లీలగా కనపడుతున్నాయి. పాప నా భుజం మీద గడ్డం ఆనించి చూసింది. ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "అమా, ఈడ పెన్సిల్‌తో నేనొకటి రాయచ్చా?" సరేనన్నాను. 76.0 పక్కన సన్నటి అక్షరాలతో 'మద్రాసుదేమో' అని రాసింది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దుమ్ము పడిందన్నాను.

మా నాయన ఊరుకున్నాడా? పైపు సంగతంతా విని, సాయంత్రం పాత బాయి కాడికి పోయి తాడేసి కొలిచి వచ్చాడు. "నలభై రెండడుగులు. మీ పైపు పడతాదా?" అన్నాడు. ఎండిపోయినాక ఆ బాయి వైపు ఆయన పోవడమే మానేశాడని మా వదిన చెప్పింది.

మేలో సెలవులకు పైపు తీసుకుపోయాం. ఈసారి బకెట్ బాయి అడుగున, మూసిన కొన గిలక దగ్గర. కింద మా తమ్ముడు దిగాడు. పాప ముందుగానే కట్టి పెట్టుకుంది, కడప కర్నూలు కంటే కిందుంది కాబట్టి నీళ్లు పదహారు సెంటీమీటర్లు ఎక్కువ ఎక్కాలి, 9 మీటర్ల 78 రావాలని. తెల్లవారుజామునే చేశాం. అయినా మే నెల ఎండలకు రాత్రి కాచిన నీళ్లు చల్లారనే లేదు. 9 మీటర్ల 58 వచ్చింది. కర్నూలు కంటే తక్కువ!

మా నాయన మొహం వాడిపోయింది. "మన బాయిలోనూ రాలేదా తల్లీ?" అన్నాడు, తప్పంతా బాయిదే అయినట్టు.

"వచ్చింది తాతా. ఎండాకాలం గాలి ఒత్తిడే తక్కువ, నీళ్లు కూడా వేడి. నేను లెక్కలో అది మర్చిపోయినా" అంది పాప. గట్టు మీద కూర్చుని నోటుబుక్కు మోకాళ్ల మీద పెట్టుకుని రెండు గళ్లు గీసింది. ఒకదాని మీద 'రావాల్సింది', ఇంకోదాని మీద 'వచ్చింది' అని రాసి రెండు అంకెలూ వేసింది.

మా తమ్ముడు బకెట్‌ను తాడుకు కట్టి పైకి పంపాడు. అందులో సగానికి పైగా నీళ్లున్నాయి. మా నాయన వాటిని పారబోయనివ్వలేదు. మోసుకుపోయి గట్టు పక్కన కానుగ చెట్టు మొదట్లో పోశాడు.